సాంకేతిక బాధ్యత వహించువారు

"ఆ పర్మిషన్ కాగితం ఇవాళ పంపించేసెయ్. అందులో పెద్ద పనేం ఉంది," అన్నాడు మా ఆయన, నేను ఆయన చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తుంటే. అని, బనీనుతో నిలబడి చొక్కా కోసం చెయ్యి చాపాడు. ఇచ్చాను. ఇచ్చాక బొత్తం ఒకటి వదులుగా వేలాడుతోందని మళ్ళీ లాక్కుని, రెండు కుట్లు వేసి, దారం పంటితో తెంపి ఇచ్చాను. అందులోనూ పెద్ద పనేం లేదు.

ఆ కాగితం ఏమిటో చెప్పాలి. మా కంపెనీకి ఆకాశంలో ఒక పాత ఉపగ్రహం ఉంది. దాన్ని ఉన్న చోటు నుంచి జరిపి, నెల్లాళ్ళ ప్రయాణం దూరంలో ఇంకో చోట నిలబెట్టాలి. అక్కడ ఒక టీవీ కంపెనీ దానికోసం కాచుకుని కూర్చుంది. ఉపగ్రహం తనంతట తాను కదలదు కదా, కింద నుంచి మా స్టేషన్ వాళ్ళు రేడియోలో దానికి ఆజ్ఞలు పంపాలి. దారి పొడుగునా వేరేవాళ్ళ ఉపగ్రహాలుంటాయి. మన ఆజ్ఞ పొరపాటున వాళ్ళదాని చెవిన పడితే రచ్చే. అందుకని ఆ నెల్లాళ్ళకూ లైసెన్సు ఆఫీసు నుంచి తాత్కాలిక అనుమతి తెచ్చుకోవాలి. ఏ రోజు, ఏ గంటకి, ఎవరి పక్కనుంచి పోతాం, ఎంత శక్తితో మాట్లాడతాం, ఎక్కడ నోరు మూసుకుంటాం, తేడా వస్తే ఎన్ని క్షణాల్లో ఆపేస్తాం, అన్నీ లెక్కగట్టి రాయాలి. నలభై పేజీలకు తక్కువ కాదు. అవి నేను రాస్తాను. చివరి పేజీలో 'సాంకేతిక బాధ్యత వహించువారు' అని ఒక గడి ఉంటుంది. దాని పైన 'ఈ వివరాలను నేను స్వయంగా తయారుచేశాను' అని అచ్చేసి ఉంటుంది. అక్కడ మా ఆయన సంతకం పెడతాడు.

ఆయన గ్రౌండ్ కంట్రోల్ హెడ్. నేను ఆయన విభాగంలో డాక్యుమెంట్ అసిస్టెంట్‌ని. ఇద్దరం ఒకే పరీక్ష రాసి పాసైనవాళ్ళమే. నా మార్కులు నలుగురిలో చెప్పకూడదని పెళ్ళైన కొత్తలోనే అర్థమైంది. మొదటి అప్లికేషన్ రాసిన రోజున, "పేరు ఎవరిదైతే ఏంటి, మనమిద్దరం వేరా?" అన్నాడు. వేరు కాదనుకున్నాను. తొమ్మిదేళ్ళుగా వేరు కాదు. జీతం స్లిప్పు మీద మాత్రం వేరు, ఆఫీసు కారులో వేరు, మీటింగులో కుర్చీ దగ్గర వేరు. ఇంట్లో వంటగదిలో అయితే మరీ వేరు.

మా అత్తగారు పక్కింటావిడతో ఒక మాట అంటుంటుంది: "మా వాడు ఆకాశంలో వాటిని జరుపుతాడు. కోడలు బల్లమీద కాగితాలు జరుపుతుంది." అని తనే పడీపడీ నవ్వుతుంది. నేనూ నవ్వేదాన్ని. పదిసార్లు నవ్వాక పదకొండోసారి నవ్వడానికి దవడ నొప్పి పుడుతుంది, అదీ ఎవరికీ తెలియకూడదు.

ఇంట్లో కూడా నా పని అనుమతులే. పది రోజుల ట్రైనింగుకి వెళ్ళాలన్నా, ఆదివారం ఒక్క పూట అక్క దగ్గరికి వెళ్ళాలన్నా అడగాలి. అడిగితే "చూద్దాంలే" అంటాడు. ఆ చూద్దాంకి గడువు ఉండదు. లైసెన్సు ఆఫీసు వాళ్ళు నయం, కాదంటే ఎందుకు కాదో రాసి పంపుతారు. వాళ్ళు పెట్టిన తిరకాసు ప్రశ్నలకి జవాబులు రాసేటప్పుడు నాకు నిజంగా హాయిగా ఉండేది. ప్రశ్న అడిగారంటే నేను రాసింది ఎవరో చదివారనేగా.

మీటింగుల్లో మాకొక పద్ధతి ఉంది. లైసెన్సు ఆఫీసు వాళ్ళు ఫోన్లో ప్రశ్న అడుగుతారు. నేను ఆయన ఎడంపక్కన కూర్చుని జవాబు పెద్ద అక్షరాలతో చీటీ మీద రాసి బల్ల కింద నుంచి అందిస్తాను. ఆయన గొంతు సవరించుకుని చదువుతాడు. చూపు అక్షరం మీద పడటం, మాట నోట్లోంచి రావడం ఒకేసారి జరిగిపోతాయి, మధ్యలో ఆలోచన అనే స్టేషన్ లేదు. ఒకసారి చివర్లో 'ఇక్కడ నవ్వండి' అని రాస్తే, అదీ చదివేశాడు. అవతలివాళ్ళు నవ్వారు. ఆయన సమయస్ఫూర్తికి ఎం.డి. గారు భుజం తట్టారు.

ఆ సోమవారం అప్లికేషన్ పంపాను. మామూలుగానే చివరి పేజీ తిప్పి సంతకం గీకేశాడు. శుక్రవారం పొద్దున ఆరింటికి ఉపగ్రహం కదలాలి, ఆ మాట ఆయన ముందే ఎం.డి. గారికి ఇచ్చేశాడు. ఆ మధ్యాహ్నం లిఫ్టులో హెచ్.ఆర్. ఆవిడ కనపడి నా చెయ్యి పట్టుకుంది.

"పోన్లేమ్మా, ఇంట్లో ఇబ్బందులుంటే ఏం చేస్తాం. వచ్చే ఏడాదైనా ఒప్పుకో."

"ఏం ఒప్పుకోవాలి?"

ఆవిడ నా ముఖంలోకి చూసి చెయ్యి వదిలేసింది. "లైసెన్సుల విభాగానికి హెడ్‌గా నిన్నే అనుకున్నారు కదా. నువ్వు వద్దన్నావని మీ సారే చెప్పి, ఉత్తరం కూడా రాసిచ్చారే. ఆరు వారాలైంది."

నేను ఏ కాగితం ఎలా తెప్పించుకోవాలో తెలిసినదాన్ని. 'నా ఫైల్లో ఉన్న ఫలానా ఉత్తరం నకలు ఇప్పించగలరు' అని అక్కడే రాసిచ్చాను. సాయంత్రానికి నకలు వచ్చింది. స్త్రీల బాత్రూములో తలుపు గడియ పెట్టుకుని చదివాను. 'ఈ విభాగపు సాంకేతిక బాధ్యతను స్వతంత్రంగా నిర్వహించే సామర్థ్యం నా భార్యకు లేదని, గృహ బాధ్యతల దృష్ట్యా ఆమెకు ప్రస్తుత పనే తగినదని నా అభిప్రాయం.' కింద ఆయన సంతకం. ఆ ఉత్తరం ఆయన సొంతంగా రాశాడు. తొమ్మిదేళ్ళలో ఆయన సొంతంగా రాసిన కాగితం నాకు తెలిసి అదొక్కటే.

ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూశాను. రాలేదు. ఇంటికెళ్ళి వంట చేశాను. అత్తగారికి కాళ్ళు పట్టాను. "ఇవాళ కూరలో ఉప్పు తక్కువైంది," అన్నాడు ఆయన. "రేపు సరిచేస్తాను," అన్నాను. ఎప్పుడు అడిగావు నన్ను, ఎప్పుడు వద్దన్నాను నేను అని గొంతు దాకా వచ్చింది. ఇంట్లో అడిగితే ఏమవుతుందో నాకు తెలుసు. "నీ మంచికే కదా" అంటాడు, తర్వాత అన్నం మీద అలుగుతాడు, చివరికి నేనే బతిమాలాలి. ఈసారి జవాబు నలుగురిలో కావాలి. ఉద్యోగం తిరిగి రావాలి, వచ్చేటప్పుడు ఆయన్ని బాగా నొప్పించి రావాలి. రెండూ కావాలి నాకు.

బుధవారం దారి దొరికింది. ఉపగ్రహం వెళ్ళే దారిలో పొరుగు కంపెనీ ఒకటి అభ్యంతరం పెట్టింది. వాళ్ళ దాని పక్కనుంచి మాది అయిదు గంటల సేపు పోతుంది, అది ఇబ్బంది అని. గురువారం పదకొండింటికి ఫోన్లో విచారణ పెట్టారు. లైసెన్సు ఆఫీసులో మా ఫైలు చూసే పెద్దాయన్ని మేమందరం 'నిదానం గారు' అంటాం. మాటకీ మాటకీ మధ్య అంత ఎడం ఉంటుంది.

మీటింగు గదిలో ఎం.డి. గారు, మా ఆయన, నేను, నా మాట మీద వచ్చి కూర్చున్న హెచ్.ఆర్. ఆవిడ, స్టేషన్ ఇంజనీర్లు ఇద్దరు. బల్ల మధ్యలో స్పీకరు ఫోను, అందులో నిదానం గారు, పొరుగు కంపెనీ మనిషి.

"ఆ అయిదు గంటల్లో," అన్నారు నిదానం గారు, "మీ ఉపగ్రహం... అదుపు తప్పితే... ఏం చేస్తారు?"

మా ఆయన గొంతు సవరించుకుని, బల్ల కింద నుంచి నా వైపు చెయ్యి చాపాడు. చీటీ పెట్టాను. పెద్ద అక్షరాలతో, నా దస్తూరీతోనే రాసినది.

"ఈ విభాగపు సాంకేతిక బాధ్యతను," అని గంభీరంగా మొదలుపెట్టాడు, "స్వతంత్రంగా నిర్వహించే సామర్థ్యం నా భార్యకు లేదని..."

అక్కడ ఆగాడు. ఆయన మాటే అది, ఒక్క అక్షరం కూడా మార్చలేదు నేను.

"ఎవరికి లేదు?" అన్నారు నిదానం గారు.

మా ఆయన ముఖంలో నెత్తుటి చుక్క లేదు. హెచ్.ఆర్. ఆవిడ తల దించుకుని కాగితాలు సర్దుకుంది. "ఏంటిది, అసలు చీటీ ఇవ్వు," అన్నాడు ఆయన పళ్ళ మధ్యనుంచి.

"ఉన్న చీటీ అదొక్కటే సార్," అన్నాను, ఫోన్లోవాళ్ళకి కూడా వినపడేట్టు.

"ప్రశ్న... అలాగే ఉంది," అన్నారు నిదానం గారు.

"అంటే... ఆ పరిస్థితి వస్తే... మా టీమ్ అన్ని జాగ్రత్తలూ..." నీళ్ళు నమిలాడు. "ఏం జాగ్రత్తలు?" అంది పొరుగు కంపెనీ గొంతు. ఆయన మంచినీళ్ళ గ్లాసు ఎత్తి దించాడు. నాకెంత సంతోషంగా ఉందో దాచుకోవడానికి ఒళ్ళో రెండు చేతులూ గట్టిగా పట్టుకున్నాను.

"స్వయంగా తయారుచేశానని సంతకం పెట్టారు మీరు," అన్నారు నిదానం గారు. "తయారుచేసినవాళ్ళు చెబితే వింటాను. లేదంటే ఫైలు పక్కన పెడతాను. రేపు పొద్దుటి సంగతి... మీ ఇష్టం."

ఎం.డి. గారు మా ఆయన వంక చూశారు. ఆ చూపుకి ఆయన, "మా ఆవిడ చెబుతుంది," అన్నాడు.

"నేను చెబితే చెల్లదండీ," అన్నాను. "నాకు ఆ సామర్థ్యం లేదని సార్ ఆరు వారాల కిందట రాసిచ్చారు. ఇందాక చదివింది అదే. నన్ను అడక్కుండా నా తరఫున ఒక ఉద్యోగం వద్దని కూడా చెప్పారు. ఆ ఉత్తరం వెనక్కి తీసుకున్నట్టు ఇక్కడే చెబితే, చెబుతాను."

ఇంటి విషయం ఇక్కడెందుకు అన్నట్టు చూశాడు ఆయన. ఆ ఉత్తరం ఇంటినుంచి ఆఫీసుకి తెచ్చింది ఎవరు మరి? గోడ గడియారం పదకొండూ ఇరవై చూపిస్తోంది. నాకేం తొందర లేదు.

"వెనక్కి తీసుకుంటున్నాను," అన్నాడు.

"దేన్ని?"

"ఆ ఉత్తరాన్ని." బల్ల వైపే చూస్తూ, "తనకి సామర్థ్యం ఉంది," అన్నాడు.

అప్పుడు చెప్పాను. ఆ అయిదు గంటలూ మేము ఒక్క ఆజ్ఞ కూడా పంపం. కావలసినవన్నీ ముందురోజే ఉపగ్రహంలో నింపి పెడతాం, దాని మాట వినడమే తప్ప మేము మాట్లాడటం ఉండదు. వింటూ నోరెత్తకుండా ఉండటంలో నాకున్న అనుభవం ఆ గదిలో ఎవరికీ లేదు. నిజంగా అదుపు తప్పితే ముందు పొరుగువాళ్ళ కంట్రోల్ రూముకి ఫోన్ చేస్తాం, వాళ్ళు సరేనన్నాకే చిన్న శక్తితో, వాళ్ళు వాడని చివరి ఛానల్లో ఒకే ఒక్క ఆజ్ఞ పంపుతాం. అది పంపడానికి పట్టేది పదకొండు క్షణాలు. ఏ పేజీలో ఉందో కూడా చెప్పాను. పొరుగు కంపెనీ గొంతు రెండు ప్రశ్నలు వేసింది, మంచి ప్రశ్నలు. రెండిటికీ జవాబిచ్చాను. "మాకు అభ్యంతరం లేదు," అంది.

ఫోన్లో నిదానం గారి కలం చప్పుడు చాలాసేపు వినపడింది. "ఈ ధ్రువీకరణ తప్పు కాబట్టి... దిద్దుబాటు పత్రం కావాలి. ఇదొక్కటేనా... ఇలాంటిది?"

మా ఆయన నా వైపు తిరిగాడు. తొమ్మిదేళ్ళలో మొదటిసారి నన్ను బతిమాలుతున్న చూపు చూశాను ఆ కళ్ళలో. ఒక్కటే అంటే చాలు, అందరం భోజనానికి లేస్తాం. సాయంత్రం ఇంటికెళ్ళాక నాకు మెచ్చుకోలు కూడా దొరకొచ్చు.

"కాదండీ. మొత్తం నలభై ఒకటి," అన్నాను. "అన్నీ నేను తయారుచేసినవే. తెలిసీ ఊరుకున్నందుకు నా తప్పు కూడా రాసిస్తాను."

"ప్రతిదానికీ విడిగా పత్రం కావాలి. మొదట సంతకం పెట్టినవారే పెట్టాలి. సాయంత్రం అయిదు లోపల అందితే... రేపటికి అనుమతి ఇస్తాను."

ఫోను పెట్టేశాక ఎం.డి. గారు నాతో, "ఆ పోస్టు ఇంకా ఖాళీగానే ఉంది. ఇంట్లో ఒకసారి అనుకుని చెప్పండమ్మా," అన్నారు.

"ఇంట్లో అనుకోవడానికి ఏం లేదండీ. ఒప్పుకున్నాను," అని, హెచ్.ఆర్. ఆవిడ దగ్గర తెల్లకాగితం తీసుకుని అక్కడే రాసి, నా పేరుతో సంతకం పెట్టాను.

తర్వాత నలభై ఒక్క పత్రాలూ ప్రింటు తీసి ఆయన గదిలో బల్లమీద పెట్టాను. తలుపు తెరిచే ఉంచాను, బయట సీట్లలో ఉన్నవాళ్ళందరికీ కనపడేట్టు. ప్రతి పత్రంలోనూ తేదీ, ఏ ఉపగ్రహం, దాని కింద ఒకటే వాక్యం: 'ఈ దరఖాస్తును తయారుచేసినది నేను కాదు, నా భార్య.' ఆయన పెన్ను మూత తీసి, చదవకుండా సంతకం పెట్టబోయాడు.

"చదివి పెట్టండి," అన్నాను. "చదవకుండా పెట్టబట్టే ఇంత దూరం వచ్చింది."

చదివాడు. పెట్టాడు. రెండోది చదివాడు. మూడోదానికి చెయ్యి ఆగింది. ఎదురుగా కుర్చీలో కూర్చున్న నన్ను చూసి, గొంతు తగ్గించి, "ఇంకా నీ కోపం తీరలేదా?" అన్నాడు.

మూడో కాగితం ఆయన ముందుకి ఇంకాస్త జరిపాను.

"ఇంకా ముప్పై తొమ్మిది ఉన్నాయి," అన్నాను.