వకుళ వైవా సంతాప సభయందు జరిగిన వృత్తాంతము

ప్రచండమార్తాండుని కిరణసహస్రముచే నేల మంగలమువలె కాగుచుండగా తీరమునందలి సరుగుడుతోపులు తమ నీడను తామే త్రాగివేసినట్లు వెలవెలబోవుచుండగా ఉపకులపతిగారి కారు క్రింద శయనించిన శునకత్రయము కారు కదలినను తాము కదలమని శపథము పట్టినట్లు నాలుకలు వ్రేలవైచి రొప్పుచుండగా ఆ వైశాఖ మధ్యాహ్నమున పూర్వసాగర విశ్వవిద్యాలయమునందు చల్లనైన స్థలము ఒక్కటియే కలదు. అది వెబ్‌సైటు విభాగము. అచ్చటి యంత్రములకు వేడిమి గిట్టదని పెద్దలు శీతలయంత్రము నమర్చిరి. మనుష్యులకు గిట్టునో గిట్టదో విచారించినవారు లేరు. కావున వేసవి ప్రవేశించిన తోడనే సకల విభాగముల యుద్యోగులకును వెబ్‌సైటుపై అపారమైన భక్తి జనించుటయు దస్త్రములు చంకనిడుకొని వచ్చి అచ్చటి గోడవారగా నిలిచి కన్నులు మూసికొని తరించుటయు ఏటేట జరుగు నుత్సవమే.

ఆ భక్తబృందమును చీల్చుకొని లోనికి ప్రవేశించినది బొడ్డపాటి వకుళ. ఆమె ప్రాణిశాస్త్ర శాఖయందు ఉప్పుటేటి పీతలపై పరిశోధనము సలిపి తన యౌవనమున మేలిభాగమును మోకాలిలోతు బురదలో గడిపి సిద్ధాంతగ్రంథమును సమర్పించిన కన్య. ఇక మిగిలినది మౌఖిక పరీక్ష. దానినే లోకులు వైవా యందురు. ఆ వైవా జరుగునని పక్షము దినములు ముందుగా వెబ్‌సైటునందు ప్రకటింపవలెను. ప్రకటింపని వైవా చెల్లదు. వైవా ముగిసినదను పత్రమును నెల గడచులోపల చూపినగాని ఒక ప్రభుత్వ కళాశాలలో ఆమెకు లభించిన అధ్యాపక పదవి దక్కదు. బురద కడుగుకొని ఒడ్డెక్కు తరుణమిదియే యని ఆమె యెంచినది.

వెబ్‌సైటు విభాగమున కధికారి ఆమంచి కోదండపాణి. నడివేసవియందు ఉన్నిచొక్కాయు మఫ్లరును ధరించి వణకుచు కొలువుతీరియుండు నాతడు దుష్టుడు కాడు. ఆయన యిచ్చిన మజ్జిగ త్రాగని విద్యార్థి లేడు. ఆయన చెప్పిన నియమమును దాటిపోయిన విద్యార్థియు లేడు.

"కూర్చోమ్మా వకుళా. మజ్జిగ తాగుతావా?" అని యాయన యడిగెను.

"నా వైవా నోటీసు పెట్టండి సార్, అదే చాలు."

"అదొక్కటీ అడక్కు. కొత్త రూల్సు వచ్చాయి. కమిటీ ఒప్పుకోకుండా వెబ్‌సైట్లో చీమ కూడా పాకకూడదు."

"కమిటీలో ఎవరున్నారో చెప్పండి, కాళ్ళు పట్టుకుంటాను."

"వాళ్ళ పేర్లు ముందు వెబ్‌సైట్లో పెట్టాలి. అప్పటిదాకా అది కమిటీ కాదు."

"అయితే పెట్టండి!"

"ఎలా పెడతానమ్మా? కమిటీ ఒప్పుకోవాలిగా."

పీతలు ప్రక్కకు నడచును. ఐనను ఎచ్చటికో ఒకచోటికి చేరును. ఏండ్ల తరబడి వాని జాడలననుసరించిన ఆమె బుద్ధికి సైతము ఈ జాడ యెటు పోవుచున్నదో పొడకట్టలేదు. ఆ నియమములనైనను ఒకసారి చూపుమని ఆమె వేడగా నియమములును ప్రచురణార్హ విషయములే గావున అవియు కమిటీ యనుమతికై వేచియున్నవని కోదండపాణి మిక్కిలి గౌరవముతో విన్నవించెను. అంతట ఆమె కన్నులనుండి అశ్రుధారలు వెడలెను.

"ఏడవకమ్మా, మెషీన్లకి తడి పడదు," అని యాయన మఫ్లరు కొసను ఆమెకందించి గొంతు తగ్గించెను. "ఒక దారుంది. కొత్త నోటీసు పెట్టకూడదు గానీ పాతదాన్ని సవరించొచ్చు. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు."

"అయితే ఏదో ఒక పాతది సవరించండి సార్."

కాని పాత ప్రకటనలన్నియు సంవత్సరాదినే తొలగింపబడినవి. సంతాప ప్రకటనమును తొలగించుటకు మాత్రము ఎవరికిని చేయి రాదు గనుక ఎన్నడో కీర్తిశేషుడైన యొక వృక్షశాస్త్రాచార్యుని సంతాప సభా ప్రకటన మొక్కటి నిర్జన ద్వీపమునందలి దీపస్తంభమువలె నిలిచియుండెను.

"ఆయన పేరు తీసేస్తే తప్పు కాదా సార్?" అని వకుళ శంకించెను.

"మహానుభావుడమ్మా. బతికుండగా దేనికీ అడ్డు చెప్పలేదు, ఇప్పుడేం చెప్తాడు! కాకపోతే హెడ్డింగు ముట్టుకోకూడదు. హెడ్డింగు మారితే అది కొత్త నోటీసే. కింద కూడా సగం మాటలే మార్చాలి."

"మిగతా సగం?"

"అలాగే ఉంటాయి. అన్నీ మంచి మాటలేలే."

ఆ విధముగా ఆ సాయంకాలము లోకమునకు వెల్లడియైన ప్రకటనము ఇట్లున్నది: "సంతాప సభ. ప్రాణిశాస్త్ర శాఖకు చెందిన కుమారి బొడ్డపాటి వకుళ గారి వైవా నెలాఖరు శుక్రవారము మధ్యాహ్నము సెమినారు హాలులో జరుగును. సిబ్బంది యెల్లరును విచ్చేసి వారి ఆత్మకు శాంతి కలుగవలెనని ప్రార్థింప గోరెదము."

దినము వైవాదే, స్థలము వైవాదే, పేరు తనది; కావున ప్రకటనము చెల్లునని వకుళ సంతసించెను. శీర్షికను ఎవరు చదువుదురని ఆమె తలచినది. ఈ విశ్వవిద్యాలయమున శీర్షిక తప్ప మఱేదియు చదువబడదను సంగతిని ఆమె పీతల సాంగత్యమున నెఱుగకుండెను.

మఱునాటి ప్రాతఃకాలమున వసతిగృహపు భోజనశాలలో ఆమె పళ్లెము చేతబట్టి నిలువగా మేట్రను అప్పలనరసమ్మ గరిటె నాకసమున నిలిపి కన్నులు చిట్లించి చూచెను.

"ఏటమ్మా ఇది! నువ్వు పోయావంట కదా?"

"లేదు అప్పలనరసమ్మా, ఇదిగో ఇక్కడే ఉన్నాను. ఇడ్లీ పెట్టు."

"ఎలా పెట్టీది? పేరు కొట్టేసినారు. నాను రేత్రి ఏడ్సేసినాను కూడాను. ఆ ఏడుపంతా ఏటైపోవాలి?"

"పోనీ, రేపు నేను నిజంగా పోతే ఏడవకు. అది ఇందులో జమ చేసుకో."

"ఛ, నోరు ముయ్యి!" అని కసరి అప్పలనరసమ్మ మృతుల ఖాతాయందే రెండిడ్లీలను వడ్డించి చట్నీ మాత్రము మఱికొంచె మెక్కువ పోసెను. 

నాడు మొదలు వకుళ బ్రదుకు మిక్కిలి చిత్రమయ్యెను. ఎన్నడో ఎరవు గొన్న గొడుగును ఒక నెచ్చెలి ఆమె గది వాకిట నుంచి నమస్కరించి పోయెను. గ్రంథాలయమున ఆమె యడిగిన పుస్తకము నిచ్చుటకు మాఱుగా గ్రంథపాలకుడు ఆమె తీసికొన్నవన్నియు మాఫీ చేయబడినవని దయతో చెప్పెను. శాఖా కార్యాలయమున ఎవరో ఆమె కుర్చీని గోడవైపునకు త్రిప్పియుంచిరి. కనబడిన ప్రతివానికిని తాను జీవించియున్నానని చెప్పి చెప్పి అలసి ఆమె యొకనాడు అద్దము ముందు నిలిచి మణికట్టునందలి నాడిని పట్టి చూచుకొన్నది. అది కొట్టుకొనుచునే యున్నది. ఐనను వెబ్‌సైటునందు లేని నాడి యది. దానిని ఎంతవరకు నమ్మవచ్చునో ఆమెకు నిశ్చయముగా తెలియలేదు.

శుక్రవారము వచ్చెను. ఆ యుదయమున రిజిస్ట్రారు వావిలపల్లి నరహరిరావు సంతాపసూచకముగా మధ్యాహ్నము సెలవు ప్రకటించినట్లు విని వకుళ పరుగున పోయి ఆయన బల్ల ముందు నిలిచెను.

"సార్, నేను బతికే ఉన్నానండీ."

"చాలా సంతోషం అమ్మా," అని యాయన సంతకము మానక పలికెను. "కానీ ఆ సంగతి వెబ్‌సైట్లో లేదు కదా."

"సెలవిస్తే నా వైవా ఏమవుతుందండీ?"

"సెలవులో జరిగిన వైవా చెల్లదమ్మా. పనివేళల్లోనే జరగాలి."

"సెలవు ఆపించండి సార్, ఉద్యోగం పోతుంది!"

"సంతాపానికి సెలవు ఆనవాయితీ, ఆర్డరు అక్కర్లేదు. ఆపాలంటే మాత్రం ఆర్డరు వెబ్‌సైట్లో పెట్టాలి. దానికి కమిటీ..."

"తెలుసండీ," అని వకుళ యాయన మాట నడ్డుకొన్నది. అంతలో, "సెలవు సరిగ్గా ఎప్పుడు మొదలవుతుందండీ?" అని యడిగెను.

ఆ ప్రశ్నము నెవ్వరును అదివఱకడుగలేదు కాబోలు, నరహరిరావు కలము నాపి యాలోచించెను. "మన దగ్గర పద్ధతి ఏమిటంటే, సంతాప సభలో అందరూ లేచి మౌనం పాటిస్తారు. దాంతో సభ అయిపోయినట్టు. అక్కణ్ణుంచే సెలవు. అంతదాకా డ్యూటీయే."

ఆ మాట చెవి సోకగానే ఆ పక్షము దినములలో మొదటిసారి వకుళకు తన నాడి స్పష్టముగా వినబడెను. సభ లేచి నిలువకున్నంత కాలము పనివేళ. పనివేళయందు జరిగిన వైవా చెల్లును. అనగా తన సంతాప సభ ముగియకముందే తన పరీక్ష ముగియవలెను. ఎవరును ముందుగా లేచి నిలువరాదు. అంతే.

అది యంత సులభము కాదని సెమినారు హాలును చూచినంతనే తేటపడెను. మామూలుగా వైవా కరుగుదెంచువారు పరీక్షకుడును అభ్యర్థియు పంకా బాగుచేయువాడును మాత్రమే. నేడు హాలు క్రిక్కిఱిసి కిటికీలదాక నిండియుండెను. సెలవు రాబోవు సంతాపమునకు విశ్వవిద్యాలయ మెన్నడును గైరుహాజరు కాదు. ముందువరుసలో లెక్కల విభాగపు జగ్గారావు ఒడిలో టిఫిను క్యారియరును చేతిలో స్కూటరు తాళమును ధరించి పందెపు గుఱ్ఱమువలె కాళ్లు కదల్చుచుండెను.

వచ్చిన పరీక్షకురాలు ఆచార్య వెల్లటూరి అనసూయాదేవి. ఆమె యడిగిన ప్రశ్నలకు బదులు చెప్పలేక వెనుకటి అభ్యర్థి యొకడు విద్యనే విడిచి కోళ్లఫారము పెట్టుకొనెనని ప్రతీతి. ఆమె చేత చామంతుల దండ యొకటి యుండెను.

"మీరేనా వకుళ?" అని యామె ఎగాదిగా చూచెను. "పోయిన అమ్మాయికి పరీక్ష పెట్టమని నన్నింతవరకు ఎవరూ పిలవలేదు. ఎలా పెడతారో చూద్దామనే వచ్చాను. దండ ఎందుకైనా మంచిదని తెచ్చాను."

వకుళ ఆమె చెవిలో సంగతి నంతయు విన్నవించి, "వీళ్ళు లేవకముందే అడిగెయ్యండమ్మా," అని చేతులు జోడించెను. అనసూయాదేవి నవ్వలేదు. కుర్చీ ముందునకు లాగుకొనెను.

తొలుత డీనుగారు లేచి అలవాటు చొప్పున కుమారి వకుళ లేని లోటు పూడ్చరానిదనియు ఆమె చిఱునవ్వు ఇక కానరాదనియు గద్గదస్వరముతో పలికిరి. మైకు పనిచేయకుండగా దానిని సరిచేసి యాయన చేతికిచ్చినది వకుళయే. "థాంక్సమ్మా," అని యాయన శోకమును కొనసాగించిరి. ఆయన కూర్చుండిన వెంటనే జగ్గారావు సగము లేచెను.

"మౌనం పాటిద్దామాండీ?"

"కూకోండి బాబూ!" అని వెనుకనుండి అప్పలనరసమ్మ ఆయన చొక్కా పట్టి లాగెను. "పిల్ల ఏటో సెప్తాదంట, ఇనండి."

అనసూయాదేవి గ్రంథమును తెఱచెను. "ఒడ్డున దొరికిన డిప్పలన్నీ చచ్చిన పీతలవే అని మీ ముందువాళ్ళు లెక్కలు రాశారు. పీతలు అంతరించిపోతున్నాయన్నారు. మీరు కాదంటున్నారు. ఎందుకు?"

వకుళ బదులు చెప్పెను. "అవి చచ్చిన పీతలు కావండీ, విడిచిన డిప్పలు. పీత పెరిగినప్పుడు పాత డిప్ప ఇరుకైపోతుంది. వెనక పగలగొట్టుకుని బయటికి వచ్చేస్తుంది. కాళ్ళతో, కళ్ళతో సహా ఖాళీ డిప్ప అలాగే నిలబడి ఉంటుంది. చూసినవాళ్ళు పీత పోయిందనుకుంటారు. అది పక్కనే బురదలో మెత్తగా బతికే ఉంటుందండీ."

జగ్గారావు మరల లేవబోయి నడుమ నాగిపోయెను. "మెత్తగా అంటే? అప్పుడు దాన్నెవరైనా తినేస్తే?"

"తినేస్తారండీ. అందుకే కొత్త డిప్ప గట్టిపడేదాకా కదలదు, తిండి కూడా తినదు. నేనొకదాని పక్కన కూర్చున్నాను, సముద్రం ఒక పోటు నుంచి ఇంకో పోటు దాకా. దానికి భయమేస్తోందని తెలుస్తుంది."

"పీతకి భయమేస్తే ఎలా తెలుస్తుంది?" అని యాయన స్కూటరు తాళమును జేబులో వేసికొని కూర్చుండెను.

ఆమె చెప్పినది. కాలిగుర్తులను గూర్చియు బురదలోని బుడగలను గూర్చియు తాను అడుగువేయుటకు వెఱచి కాలు తిమ్మిరెక్కువఱకు నిలిచిన వేకువలను గూర్చియు చెప్పుచు చెప్పుచు అది పరీక్షయనియు సంతాప సభయనియు మఱచినది. కిటికీలయందున్నవారు లోనికి దుమికి నేలపై కూర్చుండిరి. డీనుగారు తాను తిన్న పీతల లెక్క జ్ఞప్తికి రాగా కొంత కలత చెందిరి. మధ్యాహ్నము సాయంకాలమగుచున్నను సెలవు మాట యెత్తినవాడు లేడు. అనసూయాదేవి పలుమార్లు ఆక్షేపించి ఒకచోట వకుళచే తప్పు నొప్పించి దానిని సరిదిద్దుకొనుమని శాసించి తుదకు పత్రముపై సంతకము చేసి ఆమె చేతిలో నుంచెను.

"పాసు," అని యామె పలికెను. 

పత్రము చేత చిక్కినది గావున వకుళ ఇక సభ యెప్పుడు ముగిసినను సరియే యని వేదిక దిగబోయెను. కాని పద్ధతి పద్ధతియే. రిజిస్ట్రారుగారు మైకు నొద్దకు వచ్చి గొంతు సవరించుకొని ఎల్లరును లేచి మౌనము వహింప గోరెదనని పలికిరి. కుర్చీలు కిఱ్ఱుమనెను. హాలంతయు లేచి తల వంచెను. ఎవరి కొఱకు లేచితిమో ఎవరికిని స్పష్టముగా తెలియలేదు. అడుగుటయు మర్యాద కాదు. వకుళయు ఏమి చేయదగునో యెఱుగక అందఱితోపాటు తల వంచి నిలిచెను. అప్పలనరసమ్మ ముక్కు చీదిన సవ్వడియు, దూరమున సముద్ర ఘోషయు, తన గుండె కొట్టుకొనుటయు ఆమెకు వినవచ్చెను.

మౌనము ముగిసెను. సెలవు ప్రారంభమయ్యెను. ఐనను వాకిలివైపునకు ఎవరును కదలలేదు. అనసూయాదేవి చామంతుల దండను చేతబట్టి దానిని వేయుటకు పటము కొఱకు అటునిటు చూచి పటము లేకుండుటచే ఎదుట నిలిచిన కన్య మెడలో వైచెను. మనుష్యుని మాటను ఇంతమంది కూర్చుండి వినుట వాడు జీవించియుండగా అరుదు. విని లేచి నిలుచుట అంతకంటె నరుదు. ఆ రెంటిని ఒక్కసారిగా పొందిన వకుళ మెడలోని పూల తేమ వీపుపైకి జాఱుచుండగా, తాను ఇప్పుడు నవ్వవచ్చునో కూడదో నిర్ణయించుకొనలేక, చేతిలోని పత్రము నలుగకుండ చాపి పట్టుకొని అట్లే నిలిచియుండెను.