మూటల మధ్య రాయబారం

టెంటు మేకుల సంచి ఇంట్లోనే ఉండిపోయింది. గొడవంతా దాంతోనే మొదలైంది. సరదాగా గడుపుదామని వెళ్లిన దీవి మీద టెంటు ఎగిరిపోకుండా అంచుల మీద రాళ్లు పెట్టి, మూలకొకరం కూర్చుని తెల్లవార్చాం. పొద్దున్నకి మా కూతురూ అల్లుడూ ఒకరితో ఒకరు మాటలు మానేశారు. అల్లుడు కుట్టుమిషన్లు బాగుచేసే మనిషి. చిన్న మర జారిపోయినా దొరికేదాకా నేలంతా గాలిస్తాడు. ఆ మేకులు మాత్రం గుమ్మంలో వదిలేసి వచ్చాడు.

"సర్దింది మీ అమ్మాయే" అంటాడు. "మోసింది ఆయనే" అంటుంది.

గాలి ఇంకా పెరుగుతుందని రేడియోలో చెబితే సన్నటి తెడ్ల పడవలో గబగబా బయల్దేరాం. ముందు కూతురు, వెనక అల్లుడు, నడుమ మూటల్లో మూటలా నేను. ముందున్న మనిషి అలల్ని చూసి చెప్పాలి, వెనకున్న మనిషి పడవ తిప్పాలి. అల పక్కనుంచి కొట్టిందా, బోల్తాయే. నాకా, ఈత రాదు. ఒంటిమీది లైఫ్ జాకెట్టే దిక్కు.

"అమ్మా, ఎడమ పక్క పెద్ద అల! అటు తిప్పమను" అంది కూతురు, వెనక్కి చూడకుండానే.

"అల్లుడుగారూ, ఎడమకట!"

"ఏంటి అత్తయ్యగారూ? గాలికి వినపడట్లేదు!"

"ఎడమకీ!"

అప్పటికే అల పడవలోకి వచ్చేసింది. నా ఒళ్లంతా చన్నీళ్లు.

"అంతసేపా అమ్మా చెప్పడం?"

"నీ గొంతు నా గొంతు కంటే పెద్దదే కదే! నువ్వే చెప్పొచ్చుగా?"

"నేను మాట్లాడను."

"ఏమంటోంది అత్తయ్యగారూ?"

"మాట్లాడదట!"

"నాకూ అక్కర్లేదని చెప్పండి!"

పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటారే, ఆ ఎలుకని నేనే. టీ గిన్నెతో నీళ్లు తోడుతున్నాను. తోడిన దానికంటే వచ్చేదే ఎక్కువ. పడవ బరువెక్కి, చెప్పిన మాట వినని దున్నలా అడ్డం తిరుగుతోంది.

"అమ్మా, రాయి! ఎదురుగా రాయి!"

చెబుదామని నోరు తెరిచాను. నోటినిండా నీళ్లు కొట్టింది అల. ఉక్కిరిబిక్కిరై దగ్గుతున్నాను, మాట పెగల్లేదు. నల్లటి రాయి వీపు నురగలోంచి పైకి లేస్తోంది.

"చెప్పమ్మా!" అంటూ నా వైపు తిరిగింది.

నేను చెయ్యి ఊపాను, నా వల్ల కాదని.

"ఏమండీ!"

ఆ కేక గాలిని కూడా చీల్చింది. "రాయండీ! ఎడమకి!"

అల్లుడు తెడ్డు నీళ్లలోకి గుచ్చి మనిషి మొత్తం దాని మీద వాలిపోయాడు. పడవ అడుగు జర్రున గీసుకుంది. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి రాయి మా వెనక ఉంది.

"ఇంకో అల వస్తోందండీ!"

"చూశా! నువ్వు తెడ్డు ఆపకు, గట్టిగా వెయ్యి!"

ఒడ్డు దాకా నా అవసరం ఎవరికీ రాలేదు.

అల్లుడు పడవని ఒడ్డుకి లాగాక చూస్తే, కూతురి వేళ్లు తెడ్డుకి బిగుసుకుపోయి ఉన్నాయి. అల్లుడు ఒక్కో వేలూ విడదీశాడు. ఆయన పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

"అమ్మా, ఆయన్ని తువ్వాలు కప్పుకోమను" అంది మెల్లగా.

మూటలోంచి పొడి తువ్వాలు వెతికి దాని ఒళ్లోకి విసిరాను. "నా గొంతు నీళ్లలో పోయిందే. నువ్వే చెప్పుకో."

కాసేపు తువ్వాలు చేత్తో నలిపింది.

"ఏమండీ" అంది. ఈసారి పక్కనున్న నాకే సరిగా వినపడలేదు. ఆయనకి మాత్రం వినపడింది.