బీ షిఫ్టు గురువారం

ఆయనది పొద్దున్నే పోయే ‘ఏ’ షిఫ్టయితే నాలుగింటికే లేచి బియ్యం కడగాలి. బీ షిఫ్టయితే పన్నెండు కల్లా టిఫిను డబ్బా కట్టాలి. నైటయితే పగలంతా కుక్కర్ కూత కూడా వినపడకూడదు, ఆయన పడుకుంటాడు. పెళ్లయిన కొత్తలో నేను తేదీలు చెప్పేదాన్ని. "తారీఖులు నాకేం యాదుంటయి? ఏ షిఫ్టు వారమో చెప్పు" అనేవాడు మా ఆయన యాదగిరి. జిన్నారం దగ్గర మందుల కంపెనీలో ఆపరేటర్. అట్లా అట్లా నాకూ అలవాటైంది. సంగారెడ్డి కాలేజీలో ఫిజిక్స్ చెప్పే లెక్చరర్‌ని, ఇంటికొచ్చి కాలాన్ని మొగుడి షిఫ్టులతో కొలుస్తున్నాను! వింటే మా కాలేజీ పిల్లలు పగలబడి నవ్వుతారు.

అందుకే హైదరాబాదులో పీహెచ్‌డీ ఇంటర్వ్యూ సంగతి కూడా ఆ లెక్కలోనే చెప్పాను. "మీ బీ షిఫ్టు వారంల, గురువారం. పొద్దున మీరు ఇంట్లనే ఉంటరు గద, అత్తమ్మ కండ్లల్ల చుక్కలు మీరెయ్యాలె. పగటీలికి, మీరు డ్యూటీకి పోయే టైముకు, మీ అక్క వస్తనన్నది." మా అత్త కౌసల్యమ్మకు కంటి ఆపరేషనై వారం కాలేదు. గంటకోసారి చుక్కలు పడాలి, తనంతట తాను వేసుకోవడం చేతకాదు, అందుకే నేను కాలేజీకి సెలవు పెట్టాను. ఆయన సరేనన్నాడు.

నేను చదవాలనుకున్నదేమిటో ఆయనకొకసారి చెప్పబోయాను. పరుగెత్తేవాడి కొలతలూ నిలబడ్డవాడి కొలతలూ ఒకటి కావు, వాళ్ల గడియారాలూ ఒక్కలా నడవవు, వెలుగు వేగం మాత్రం అందరికీ ఒకటే. ఇది వందేళ్ల నాటి మాట. కానీ అణువు కంటే కోట్ల కోట్ల రెట్లు చిన్నదాని దాకా పోతే, ఇంతకన్నా చిన్న పొడవు లేదనే చోటు ఒకటి ఉండవచ్చునంటారు. ఉంటే, పరుగెత్తేవాడికి అది ఇంకా కుంచించుకుపోయి కనబడాలి కదా? మరప్పుడది అన్నిటికన్నా చిన్నదెట్లా అవుతుంది? అందుకని ఆ పొడవు కూడా ఎవరు చూసినా మారకూడదంటూ ఇప్పుడు కొందరు పాత సమీకరణాలనే సవరిస్తున్నారు. రుజువు కాలేదు, తప్పే కావచ్చు. అయినా నాకు దానిమీదే ప్రాణం. చూసేవాడెవడైనా సరే, ఇక తగ్గించలేని చిన్న కొలత ఒకటుందన్న ఊహ రొట్టెలు చేస్తున్నా నన్ను వదలదు. "గంత చిన్నదాంతోని ఏం పనే? కూరలకా, చారులకా?" అని నవ్వాడాయన. నాకు ఒళ్లు మండింది, కానీ పెనం మీద రొట్టె మాడుతోంది.

బుధవారం ఆయనకు వారపు సెలవు. సాయంత్రం నేను చీర ఇస్త్రీ చేసుకుంటుంటే, "రేపు నాలుగింటికి లేపు. ‘ఏ’ షిఫ్టుకు పోవాలె" అన్నాడు.

"బీ షిఫ్టు గద?"

"మా కంపెనీ ఐలన్నతోని షిఫ్టు మార్చుకున్న. ఈ వారం పొలాలకు కరెంటు పొద్దుగాల ఇస్తున్నరట. నీళ్లు పారిచ్చుకోకపోతే ఆయన వరి ఎండుతది గద, పాపం."

"మరి నా ఇంటర్వ్యూ?"

"బీ షిఫ్టు వారంల అంటివి గద. అది వచ్చేవారం."

నిజంగానే అట్లా అనుకున్నాడు! అబద్ధం లేదు, వంకర లేదు. తన షిఫ్టు జరిగితే యూనివర్సిటీ కూడా జరుగుతుందనుకున్నాడు. నాకు కోపం కంటే ముందు భయమేసింది.

"రేపేనండీ. రేపు పోకపోతే మల్ల ఏడాది దాకా లేదు."

"అయితే వచ్చే యేడు పో. గింత దానికి లొల్లేంది?"

మంచం మీద నుంచి అత్త అందుకుంది. "మొగోడు డ్యూటీ ఇడిసిపెట్టి కండ్లల్ల మందేసుకుంట కూసుంటడా బిడ్డా? నలుగురు నవ్వరా?"

 నేను చీర ఇస్త్రీ పూర్తి చేశాను.

పొద్దున నాలుగింటికి లేపాను. అన్నం, కూర వండాను. అత్తకు మొదటి చుక్క వేశాను. కంపెనీ బస్సు అయిదున్నరకొస్తుంది. ఆయన స్నానం చేసి వచ్చేసరికి నేను చీర కట్టుకుని, చెప్పులేసుకుని, సంచీ భుజాన పెట్టుకుని గడప దగ్గరున్నాను. మందు సీసా ఆయన తడిచేతిలో పెట్టాను.

"గంటకోసారి. చేతులు సబ్బుతోని కడుక్కోండి."

ఒకరు ఇంటిపట్టున ఉండక తప్పని రోజున మా ఇంట్లో ముందు గడప దాటినవాళ్లదే బయటి పని, రెండోవాళ్లది ఇల్లు. ఇన్నేళ్లూ ఆయనే ముందు దాటాడు. ఇవాళ నేను దాటాను. 

"ఏయ్, ఏడికి? బస్సొస్తది! మరి నా డ్యూటీ?"

"ఐలన్న ఇల్లు ఎనక గల్లీలనే గద. పోయి మల్ల మార్చుకోండి" అన్నాను వీధిలోంచే. "వరి కోసం మారినోళ్లు, ఒక్క రోజు నా కోసం మారలేరా?"