మొహం మా అత్తది

నేనేమీ మడి కట్టుకు కూర్చున్న మనిషిని కాను. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మేం పెట్టిన ఫెస్ట్ అయినప్పటి నుంచి, జపాన్ కార్టూన్లు చూసే మా ఎనిమే క్లబ్బులో అందరూ నన్ను "అమ్మమ్మ" అంటున్నారు. ప్రతి ఎపిసోడ్‌లోనూ ఏదో ఒక వంకతో చొక్కా విప్పే విలన్ కోసం రెండు సీజన్లు చూసినదాన్ని నేను. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి. దాని మీద నాకే పేచీ లేదు. నా పేచీ మా క్లబ్బులోనే ఉన్న సుమన్‌తో.

మా ఉక్కు ప్లాంటు ఊళ్లో, కాసిడీహ్ పేటలో ఒక ట్యూషన్ సెంటర్ గదిలో ఆదివారాలు కలుస్తాం. ఈ ఏడు అందరికీ పిచ్చెక్కించిన సిరీస్ ఒకటే, ఉక్కు ఫ్యాక్టరీలో క్రేన్ నడిపే అమ్మాయి కథ. పన్నెండు ఎపిసోడ్లు. పదకొండింటిలో ఆ పిల్ల హెల్మెట్, మెడదాకా బొత్తాలు పెట్టిన కోటు, సేఫ్టీ బూట్లతోనే ఉంటుంది. పదోదానిలో మాత్రం ఏ కారణమూ లేకుండా షాపు షాపంతా, అంటే ఫ్యాక్టరీలో ఆ విభాగమంతా, సముద్రానికి పోతుంది. ఇక బికినీలు, తడి జుట్టు, కెమెరా ఎక్కడ ఉండకూడదో అక్కడే. ఫ్యాన్‌సర్వీస్ అంటే ఇదే. కథకి అక్కర్లేకపోయినా చూసేవాడి కళ్లకి మేత. నేను సగంలో ఆపేశాను. సుమన్ ఐదుసార్లు చూశాడు. చూసుకోనీ, నాకేం?

ఫెస్ట్‌కి ఆ హీరోయిన్ బొమ్మ గీసే పని నాకిచ్చారు. నేను మా నూకమ్మత్త మొహం పెట్టి గీశాను. అత్త నాన్నకి చెల్లెలు, గోల్‌మురిలో మా పక్క క్వార్టరే. పంతొమ్మిదేళ్లుగా నిజంగా క్రేన్ నడుపుతోంది. ఎడమ దవడ మీద నిప్పురవ్వ పడి కాలిన మచ్చ, ఎవరిమీదైనా కోపమొస్తే పైకి లేచే కుడి కనుబొమ్మ. ఇరవై రోజులు కూర్చుని గీశాను. ముందు చూపించలేదు, అక్కడికొచ్చే చూడమన్నాను. "నా బొమ్మ పెడతన్నారంట" అని అత్త షాపంతా చెప్పుకుంది.

ఫ్లెక్స్ కొట్టించే పని సుమన్‌ది. ఆదివారం పొద్దున్న ఫెస్ట్ జరిగే సాక్చీ హాల్లోకి అడుగు పెట్టేసరికి స్టేజి మీద ఎనిమిదడుగుల ఎత్తున అత్త మొహం. హెల్మెట్ ఉంది. దాని కింద కోటు బొడ్డుదాకా తెరుచుకుని ఉంది, ప్యాంటు తొడల దగ్గరే ఆగిపోయింది, కాళ్లకి బూట్లు కూడా లేవు. కింద మూల "ఆర్ట్: తనూజ" అని నా పేరు.

"ఏం చేశావురా ఇది?"

"థోడా ఫ్యాన్‌సర్వీస్ డాల్ దియా. పబ్లిక్ యహీ మాంగ్‌తా హై," జనానికి ఇదే కావాలన్నట్టు అన్నాడు సుమన్ నవ్వుతూ. "ఇంత గరమెందుకైపోతన్నావే? నీ టేస్ట్ నీది, నా టేస్ట్ నాది."

"టేస్ట్ నీదే. మొహం మా అత్తది!"

నవ్వు ఆగింది. "సచ్చీ? నాకేం తెలుసే?" అన్నాడు. మరుక్షణంలో తేరుకున్నాడు. "అయినా ఎవరు గుర్తుపడతారులే. ప్రోగ్రాం స్టార్టయిపోతంది, ఇప్పుడు తియ్యడం అవదు."

అరికాలి మంట నెత్తికెక్కింది. "నీ ఫోన్లో ఏం చూసుకుంటావో చూసుకో, నీ గదిలో ఏం అంటించుకుంటావో అంటించుకో. బతికున్న ఆడమనిషి తలకాయ కింద నీ కోరికలు అతికించి, కింద నా పేరు రాస్తావా?" అని అరిచాను. స్పీకర్లో పాట మొదలుపెట్టి నా గొంతు నొక్కేశారు.

కుర్చీ లాక్కుని ఫ్లెక్స్ చింపడానికి ఎక్కుతుంటే తలుపు దగ్గర అత్త కనిపించింది. నీలం పట్టుచీర, తలలో కనకాంబరాలు, పక్కన, ప్లాంటులో అత్తతో పనిచేసే బంగారమ్మగారు. ఇద్దరూ తలెత్తి చూశారు. భూమి చీలినా బావుణ్ణనిపించింది.

"బూట్లు నేకండా దీన్ని షాపులోకి ఎవులు రానిచ్చినారే?" అంది బంగారమ్మగారు.

అత్త నడిచి స్టేజి ముందుకెళ్లింది. రెండు చేతులూ బార్లా చాపి, అరచేతులు కిందికి పెట్టి అటూ ఇటూ ఊపింది. ప్లాంటులో క్రేన్‌కి సైగలిచ్చేవాడు ఒక్కడే ఉంటాడు. కానీ ఈ ఆపమనే సైగ ఎవరైనా ఇవ్వచ్చు, నేల ఊడ్చే మనిషైనా సరే. ఇస్తే ఆపి తీరాలి. హాల్లో సగంమంది ప్లాంటువాళ్ల పిల్లలే. పాట ఆగిపోయింది.

"దించండర్రా," అంది అత్త.

నలుగురు పరిగెత్తి తాళ్లు విప్పారు. ఫ్లెక్స్ నేల మీద పరుచుకుంది. నాకు ప్రాణం లేచొచ్చింది. 'ఇప్పుడు చూడరా' అన్నట్టు సుమన్ వైపు చూశాను. వాడు చెమటలు కక్కుతూ "సారీ ఆంటీ" అంటున్నాడు.

అత్త చీర కుచ్చెళ్లు పట్టుకుని ఆ మొహం పక్కన గొంతుక్కూర్చుంది. ఎడమ దవడ మీద వేలు పెట్టింది.

"గుడ్డలిప్పీసినావు, నీకు సిగ్గు నేదు. సరే. నా మచ్చెందుకు తీసీసినావు బాబూ? అదేటి సేసింది నిన్ను?"

సుమన్ తెల్లబోయాడు. "మచ్చా? మొహం నేను ముట్టుకోలేదు ఆంటీ. తనూజ గీసింది గీసినట్టే ఉంది."

ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడింది. తీసెయ్యమని నన్నెవరూ అడగలేదు. హీరోయిన్ కదా, అందంగా ఉండాలని నా చెయ్యే దాన్ని వదిలేసింది. ఆ పని చేస్తున్నానని కూడా నాకు తోచలేదు. 

అత్త కనుబొమ్మ లేస్తుందని చూశాను. లేవలేదు. మెల్లగా నిలబడి చీర సర్దుకుంది.

"ఇరవై రోజులు గీసినానన్నావు కదే అమ్మీ," అంది. "అన్నాళ్లూ ఎవుల మొహం సూసినావు?"