గడ్డకట్టిన ఉప్పు

నలభై పౌండ్ల ఉప్పు బస్తాను ఎడమ భుజం మీదికి మార్చుకుని, నార్బర్ట్ నేలమాళిగ మెట్లు దిగుతున్నాడు. కుడి భుజం ఏనాడో మొరాయించింది. విస్కాన్సిన్‌లోని ఈ చిన్న ఊళ్లో ముప్పై ఒక్క ఏళ్లుగా ఇంటింటికీ ఉప్పు మోశాడు మరి! నీళ్లలోని సున్నం తీసే యంత్రాలకు ఆ ఉప్పే తిండి. ఇవాళ్టితో ఆ పని చాలిస్తున్నాడు. ఛాతీ మీద పేరు కుట్టిన నీలం పనిచొక్కాకూ ఇదే ఆఖరి రోజు. లొరెట్టా ఇంటిని కావాలనే ఆఖరికి ఉంచుకున్నాడు.

"మళ్లీ బస్తా ఎందుకయ్యా? తొట్టి నిండుగానే ఉంటేనూ!" అంది లొరెట్టా, కమ్మీ పట్టుకుని వెనకాలే దిగుతూ. ఆమెకు ఎనభై రెండేళ్లు. "సబ్బుకే నురగ రావడం లేదు. మూడు రకాలు మార్చాను. అన్నీ దిక్కుమాలిన సబ్బులే!"

నార్బర్ట్ నవ్వాపుకుని తొట్టి మూత తీశాడు. తన పాత చీపురు కర్రతో ఉప్పు మీద తట్టాడు. డొల్లగా మోగింది.

"పాపం, సబ్బుల్నేం అనకండి. పైన ఉప్పు గడ్డకట్టింది, కిందంతా బోలు. యంత్రానికి ఉప్పు అందక నీళ్లలో సున్నం పోవడం లేదు, అందుకే నురగ లేదు. కొత్తగా వచ్చేవాడు బస్తా దించి పోతాడు, ఇవన్నీ చూడడు. మీరే నేర్చుకోవాలి. ఇదిగో, నడిమధ్యన నెమ్మదిగా పొడవండి."

ఆమె పొడిచిన మూడో పోటుకు గడ్డ విరిగి కిందికి జారింది.

"పీడ వదిలింది!" అంటూ లొరెట్టా కర్ర వదిలేసి, నొప్పెట్టిన వేళ్లు నలుపుకుంది. కర్ర గరుకుగా ఉంది. నార్బర్ట్ అది చూశాడు. ఆమె సూప్ తేవడానికి పైకి వెళ్లింది.

పంతొమ్మిదేళ్ల కిందట భార్య మార్లీన్ పోయిన చలికాలంలో అతనికి పొయ్యి వెలిగించే మనసే లేదు. అప్పుడు ఒక్క ప్రశ్నైనా అడక్కుండా, ఈ మెట్ల మీదే కూర్చోబెట్టి బంగాళాదుంపల సూప్ గిన్నె చేతిలో పెట్టింది ఈవిడే. ఆనాటి నుంచి వచ్చిన ప్రతిసారీ పెట్టింది. ఆ గిన్నే తనను బతికించిందని ఇవాళైనా నోరు విప్పి చెప్పాలని పొద్దుటి నుంచీ మాటలు కూడబలుక్కుంటున్నాడు.

తొట్టిలో ఉప్పు పోసి, ఇంకేదో పని చూసుకుని, కోటు మెడదాకా బిగించి కూర్చున్నాడు. ఆమె తెచ్చిన సూప్ తాగి గిన్నె ఖాళీ చేశాడు.

"లొరెట్టా గారూ, ఈ సూప్..." ఖాళీ గిన్నెను చేతుల్లో తిప్పాడు.

"ఏం, ఉప్పు తక్కువైందా?"

"లేదండీ. సరిపోయింది."

అంతే అనగలిగాడు. ఆమె వాకిట్లో నిలబడి, అతని బండి మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపింది.

మర్నాడు ఉతుకు బట్టలతో కిందికి దిగిన లొరెట్టా, తొట్టి దగ్గర ఆగిపోయింది. గోడకు ఆనించి చీపురు కర్ర ఉంది. పట్టుకునే చోట మెత్తటి నీలం చొక్కా గుడ్డ గట్టిగా చుట్టి ఉంది. పైపొరలో, ఎర్రదారంతో కుట్టిన పేరు: నార్బర్ట్.