మత్తు డాక్టరు వచ్చేలోగా

మా నకరికల్లు నాగేశ్వరరావు కోడలు సౌందర్యకు ఆపరేషన్ చేసి బిడ్డను తీయాలన్నారు. పంతులుగారు మంచి గడియ పెట్టారు. అంతా సిద్ధమైంది కానీ, మత్తు డాక్టరమ్మ ధరణి ఇంకో ఆసుపత్రిలో చిక్కుకుపోయింది. తను వచ్చేదాకా ఆగమని ఫోన్ చేసింది.

"ఆగితే వర్జ్యం వస్తది. సూదేగా, నువ్వే పొడువు," అన్నాడు నాగేశ్వరరావు పెద్ద డాక్టరుతో.

"మత్తిచ్చాక ఊపిరి చూసుకుంటా పక్కనే ఒకరుండాలండీ."

"ఊపిరి తీసుకోటం దానికి ఒకరు నేర్పాలా ఏంది? మా పార్టీవోళ్లని పిలవమంటావా?"

డాక్టరు బెదిరిపోయి తనే వెన్నులో మత్తిచ్చాడు. గడియ దాటకుండా మగపిల్లాడు పుట్టాడు. అందరూ వాడినే చూస్తున్నారు. మత్తు ఛాతీదాకా ఎక్కి, ఆ పిచ్చితల్లికి ఊపిరాడలేదు, పిలవడానికి గొంతూ రాలేదు. ధరణి పరుగున వచ్చేసరికి పెదాలు నల్లబడ్డాయి. ఎంతసేపు గాలి కొట్టినా ప్రాణం తిరిగి రాలేదు.

అంత్యక్రియలయ్యాక సౌందర్య అత్త శేషమ్మ మనవణ్ణి మొగుడి ఒళ్లో పెట్టబోయింది. నాగేశ్వరరావు చెయ్యి చాపలేదు.

"అవతలికి తీసుకుపోవే. ఏ పాడు గడియలో పుట్టాడో, తల్లిని మింగాడు."