వళ్ళియమ్మ పటం

1979లో ఒక మధ్యాహ్నం మ్యూజియం ఉద్యోగి జయచంద్ర మద్రాసు నుంచి తిరుత్తణి దగ్గరి కే.జీ.కండిగై వచ్చి పచ్చయమ్మ ఇల్లు పట్టుకున్నాడు. డెబ్బై దాటిన పచ్చయమ్మ వసారాలో కూర్చుని మగ్గానికి కండెలు చుడుతోంది.

"అవ్వా, పటాల చౌడయ్య మీకేమవుతాడు?"

"మా నాయిన్ని కన్నోడు," అన్నదామె తలెత్తకుండా. తాత అనలేదు.

జయచంద్ర ఒక ఫోటో ఆమె చేతిలో పెట్టాడు. వందేళ్ళ కిందట చౌడయ్య వేసిన పటం ఇంగ్లండులో ఒక దొర మనవడి ఇంట్లో దొరికింది. కరువులో ఎండిపోయిన ఏడేళ్ళ పిల్ల. ఒంటిమీద నూలుపోగు లేదు. ఇంత గొప్ప పనివాణ్ణి లోకం మరిచిపోయిందని జయచంద్ర బాధ.

"మా మేనత్త. వళ్ళియమ్మ," అన్నది పచ్చయమ్మ.

చౌడయ్య తిరుత్తణి కొండ కింద యాత్రికులకు మురుగన్ పటాలు వేసి అమ్మేవాడు. ధాత కరువులో కొండకు వచ్చేవాళ్ళే లేకపోయారు. అప్పుడొక దొర, చిక్కిపోయినవాళ్ళ పటం వేసిస్తే మూట బియ్యం ఇస్తానన్నాడు. చౌడయ్య కన్నకూతుర్నే గోడకు ఆనించి కూర్చోబెట్టాడు. సగం పని చూసిన దొర, పిల్ల ఇంకా చిక్కాలన్నాడు.

"ఆ పొద్దే గంజి ఆపేసినాడు. మా జేజి, ఆ పిల్లని కన్నతల్లి, కాళ్ళ మింద పడి ఏడిస్తే, ఎముకలు ఇంకా సరిగ్గా తేలలేదే అన్న్యాడంట. పటం ఆరేలోపల పిల్ల పోయింది. బియ్యం వచ్చె. ఆ కూడు తిని మా నాయిన బతికినాడు."

"మీ జేజి?"

"వండింది. తానూ తినింది."

"తరవాత ఆయన బొమ్మలు మానేశాడా?" జయచంద్ర గొంతులో ఆశ.

"యాడ మానేసినాడు? ఇంకో ముప్పై ఏండ్లు ఏసినాడు. కడుపు నిండా తిని, బాగా నిద్రపోయినాడు."

జయచంద్ర అంతా రాసుకున్నాడు.

మరుసటి ఏడు తిరువళ్ళూరులో సభ పెట్టి, ఆ పటాన్ని నిలువెత్తు ఫోటో చేసి నిలబెట్టారు. పచ్చయమ్మకు శాలువా కప్పారు. కింద ఏం రాసుందో చదవమని ఆమె జయచంద్రను అడిగింది.

"పేరు తెలియని కరువు బిడ్డ. చిత్రకారుని కరుణకు సాక్ష్యం."

"పేరు చెప్పినా గదా నాయినా."

"చెప్పారవ్వా. సొంత కూతురని రాస్తే చౌడయ్యను ఎవరు మెచ్చుకుంటారు? నా కష్టమంతా మట్టిలో కలుస్తుంది."

పచ్చయమ్మ శాలువా తీసి, ఫోటో దగ్గరికి పోయి, పిల్ల మెడ నుంచి మోకాళ్ళ దాకా కప్పి చేత్తో అదిమి పట్టుకుంది.

"ఎంతమంది చూస్తారు రా బిడ్డని!" అని అరిచింది.

జనం నవ్వారు. ముసలామెకు మతి చలించిందని ఎవరో అన్నారు. ఇద్దరు కార్యకర్తలు ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి, శాలువా మడిచి ఆమె చంకలో పెట్టి, తిరుత్తణి బస్సెక్కించారు.

లోపల జయచంద్ర మైకు ముందుకు వచ్చి, చౌడయ్య కరుణ గురించి మాట్లాడడం మొదలుపెట్టాడు.